తేటనీళ్లు వచ్చేదాకా కడిగిన కొవ్వు కణాలు

నా ఒంటి గురించి ముందే చెప్పేస్తాను. లేకపోతే చదువుతున్నంతసేపూ మీకు అదే అనుమానం ఉంటుంది. నేను లావుగా ఉంటాను. ముప్పై ఏళ్లకు పైగా హిందూపురం దగ్గర ఒక మూలికల కంపెనీలో కొవ్వు కణాల మీద పనిచేశాను. ఏ ఆకు రసం, ఏ చెక్క కషాయం కలిపితే కొవ్వు కణం ఎదగకుండా ఆగుతుందో చూడటమే నా ఉద్యోగం. ఆ పని చేస్తూనే ఏటేటా జాకెట్లు వదులు చేయించుకుంటూ వచ్చాను. పెనుకొండలో మా వీధికి ఇంతకు మించిన హాస్యం లేదు.

"ఏం సుభద్రక్కా, సన్నబడే పొడి మీ కంపెనీలోనే చేస్తారంట గదా. మాకూ రోంత తెచ్చీరాదా?" అని ఎదురింటి రామలక్ష్మి వారానికోసారి అడిగేది.

"అట్లాంటిదుంటే ముందు నేను మింగనా మే?" అనేదాన్ని. ఇద్దరం కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. ఇద్దరికీ పట్టుకోవడానికి తగినంత కడుపు ఉంది.

రిటైరయ్యాక ఈ పనిలోకి వస్తున్న పిల్లలు ఫోన్లు చేసి "ఏం చదవాలి మేడం, ఏం నేర్చుకోవాలి?" అని అడుగుతున్నారు. చదవాల్సినవి మీ కాలేజీలో చెబుతారు. నేను చెప్పగలిగింది వేరే ఉంది. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చిందో, ఏ సెమినార్‌లో శాలువా కప్పారో ఇక్కడ రాయను. ఆ శాలువాలు నాకే చాలలేదు.

కొవ్వు కణమంటే కోపమెందుకు

మొదట ఒక మాట. కొవ్వు కణాన్ని శత్రువులా చూసేవాళ్లు ఈ పనిలోకి రావద్దు. అది మన గాదె లాంటిది. మిగిలిన తిండిని దాచిపెట్టి కరువొచ్చినప్పుడు తీసి ఇస్తుంది. మా అనంతపురం వైపు మనుషులకు గాదె విలువ ఒకరు చెప్పాల్సిన పని లేదు. గాదె చాలకపోతే గింజలు వసారాలోనూ వంటింట్లోనూ పోస్తాం కదా, అలాగే చోటు చాలని కొవ్వు కాలేయంలోకి, ఇంకా ఎక్కడెక్కడికో పోతుంది. అసలు జబ్బు అక్కడ మొదలవుతుంది.

ల్యాబ్‌లో మేం వాడేవి ఎలుక నుంచి వచ్చిన కణాలు. మొదట అవి సన్నగా, కోలగా, అడుగుకు అంటుకుని ఉంటాయి. చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేట్‌లో వాటిని పెంచి, గుంట నిండాక "ఇక కొవ్వు కణాలుగా మారండి" అని చెప్పే మందు పోస్తాం. కొన్నాళ్లకు అవి గుండ్రబడతాయి. లోపల నూనె చుక్కలు పుడతాయి. రసం మీద తాలింపు నూనె తేలినట్టు మైక్రోస్కోపులో తళతళా మెరుస్తాయి. ఎన్ని వందలసార్లు చూశానో, చూసిన ప్రతిసారీ నాకు ఆనందమే. ఉద్యోగం మొదటి నెలలో ఆ చుక్కలు చూసి పైకే "అబ్బ!" అన్నాను. చివరి నెలలో కూడా అన్నాను.

మూలికల రసం పోసిన గుంటలూ, పోయని గుంటలూ పక్కపక్కన పెంచుతాం. చివరికి పైనున్న ద్రవం తీసేసి, ఉప్పునీళ్లతో కడిగి, కణాలు కదలకుండా ఫార్మలిన్ పోసి, కొవ్వుకు మాత్రమే పట్టే ఎర్ర రంగు వేస్తాం. ఎరుపు ఎక్కువుంటే కొవ్వు ఎక్కువ, తక్కువుంటే తక్కువ. వినడానికి ఇంతే. మనుషుల జీవితాలు గడిచిపోవడానికి ఇది చాలు.

శవానికి డైటింగ్

నేను చేరిన కొత్తలో మా ల్యాబ్‌కు పెద్దాయన ఒకరుండేవారు. మైసూరు వైపు నుంచి వచ్చారు, తెలుగూ కన్నడా కలిపి మాట్లాడేవారు. ఒకరోజు మేం కుర్రవాళ్లమంతా గంతులు వేస్తూ ఆయన దగ్గరికి వెళ్లాం. ఒక వేరు రసం పోస్తే ప్లేట్‌లో ఎరుపు దాదాపు లేదు. కొవ్వు మాయం. ప్రపంచాన్ని సన్నబరిచే మందు దొరికిందనుకున్నాం.

ఆయన మైక్రోస్కోపులో చూసి, అద్దాలు తీసి తుడుచుకుని, మళ్లీ చూశారు.

"ఇవి చచ్చిపోయినాయి కదప్పా," అన్నారు. "చచ్చినదాంట్లో కొవ్వు యాడుంటాది? శవానికి డైటింగ్ చేయించి సన్నబడిందని సంబరపడినట్టుంది మీ వ్యవహారం."

ఆ రోజు నుంచి మా ల్యాబ్‌లో కణాలు బతికున్నాయో లేదో చూడకుండా ఎవరూ ఎరుపు గురించి నోరెత్తలేదు. ఇప్పటికీ మార్కెట్‌లో సన్నబడే పొడుల డబ్బాల మీద పెద్ద పెద్ద మాటలు చూస్తే నాకు ఆయన మాటే గుర్తొచ్చి నవ్వొస్తుంది. ప్లేట్‌లో జరిగింది మనిషిలో జరగాలని లేదు. ప్లేట్‌లోనే సరిగ్గా జరగనిది మనిషిలో జరుగుతుందని అమ్మడం మోసం. దీన్ని నేను మర్యాదగా చెప్పలేను.

తంగేడు

ఇక అసలు కథ. నేను రిటైరయ్యే ముందు మా చేతికొచ్చిన చివరి మూలిక తంగేడు చెక్క. మా వైపు గట్టు మీద, గుట్ట మీద, రోడ్డు పక్కన పచ్చగా పూచే చెట్టే. పువ్వు పప్పులో వేసుకుంటారు, చెక్కతో పచ్చితోళ్లు పదును చేస్తారు. ముదిగుబ్బ నుంచి ఓబులేసు అనే రైతు బస్సు మీద మూటలేసుకుని తెచ్చిచ్చేవాడు. మొదటిసారి పువ్వు, ఆకు, చెక్క అన్నీ కలిపేసి తెచ్చాడు.

"ఏమప్పా, చెక్క అడిగితే చెట్టంతా తెచ్చినావే?" అన్నాను.

"అంతా తంగేడే గదమ్మా. మీరు మిషన్లో వేసేదానికి మళ్లా కులాలెందుకు?" అన్నాడు.

నవ్వి, ఆ మూట ఇంటికి తీసుకెళ్లి పువ్వులు పప్పులో వేసుకున్నాను. తర్వాత చెక్క మాత్రమే తెప్పించాం. దాని కషాయం ముదురు గోధుమ రంగు. ఎక్కువ మోతాదు పోసిన గుంట చూస్తే టీ పోసినట్టే ఉండేది. ఆ రంగు సంగతి మనసులో పెట్టుకోండి, మేం పెట్టుకోలేదు.

అప్పటికి మా కంపెనీ యజమాని ప్రభాకర్ సార్. హిందూపురం మనిషి. అరిచాక ఆలోచించే రకం. చాలామంది ఆలోచించకుండా అరిచి ఊరుకుంటారు కాబట్టి ఆయన్ని మంచి బాస్‌ల లెక్కలోనే వేస్తాను. ఆయన నన్ను పిలిచి సూటిగా చెప్పారు. "సుభద్రమ్మా, మీరు పోయినాక ఈ కణాల పని ఈడ చేసేవాళ్లు కావల్ల. లేకుంటే మూసేసి బెంగళూరుకు పంపిస్తా. ఆడ ఎవరో ఒకరు చేసిస్తారు. తంగేడు పనిచేస్తే కొనేదానికి వచ్చే నెల బెంగళూరు నుంచి ఒక కంపెనీ వాళ్లు వస్తాండారు. ఆ పాప పని చూసి నిర్ణయం తీసుకుంటా."

ఆ పాప పేరు నాగవేణి. ధర్మవరం అమ్మాయి. తండ్రి పట్టు నూలుకు రంగులద్దే మనిషి. ఎమ్మెస్సీ చేసి మా దగ్గర చేరింది. చేయి తిరిగిన పిల్ల. చుక్కల లెక్కన పోసే పిపెట్ పట్టుకుంటే వేళ్లలో వణుకు ఉండదు. నా కుర్చీలో తను కూర్చుంటే చాలునని నాకు గట్టి కోరిక. ఆ గది మూసేస్తారంటే నా మనసు ఒప్పుకోలేదు. పనిచేసిన ఇల్లు అది నాకు.

అందమైన మెట్లు

మోకాలి నొప్పితో నేను సెలవు పెట్టిన రోజుల్లో నాగవేణి ఒక్కతే తంగేడు ప్లేట్లు రెండుసార్లు చేసింది. నేను తిరిగొచ్చేసరికి గ్రాఫ్ చేతిలో పెట్టింది. కషాయం లేని గుంటలో నిండు ఎరుపు. కొంచెం పోస్తే కొంచెం తగ్గింది. ఇంకొంచెం పోస్తే ఇంకొంచెం. చివరి మోతాదుకు పావు వంతు కూడా మిగల్లేదు. దిగే మెట్లలా ఉంది గ్రాఫ్. కణాలు బతికే ఉన్నాయని ముందే పరీక్ష చేసింది, మా పెద్దాయన నేర్పిన పాఠం తప్పలేదు. రెండుసార్లూ అవే మెట్లు.

నిజం చెబుతాను, నాకు కళ్లు చెమర్చాయి. ఉద్యోగమంతా ఇలాంటి గ్రాఫ్ కోసమే ఎదురుచూశాను. ప్రభాకర్ సార్ దాన్ని పెద్దగా అచ్చు వేయించి ఆఫీసు గోడకు అంటించారు. క్యాంటీన్‌లో ఆ రోజు అందరికీ ఒబ్బట్లు.

బెంగళూరు వాళ్లు సోమవారం వస్తారనగా, మూడోసారి చేసిన ప్లేట్ శుక్రవారానికి రంగు వేయడానికి సిద్ధమైంది. పొద్దున్నే వెళ్లి అలవాటు కొద్దీ, కణాలను వెచ్చగా పెంచే ఇంక్యుబేటర్ తెరిచి ప్లేట్‌ను మైక్రోస్కోపు కింద పెట్టాను. కషాయం లేని గుంటలో నూనె చుక్కలు నిండుగా ఉన్నాయి. సరే. ఎక్కువ మోతాదు గుంట చూశాను. టీ రంగు ద్రవం అడుగున అవే చుక్కలు. అంతే నిండుగా. గోడ మీది గ్రాఫ్ ప్రకారం ఆ గుంటలో కొవ్వు ఉండకూడదు.

ఎవరికీ ఏమీ చెప్పలేదు. "పాపా, ఈసారి నువ్వు చేస్తుంటే పక్కన కూర్చుంటాను," అన్నాను.

నీళ్లు తేటపడాల

ప్లేట్ రెండు సగాల్లోనూ అవే మోతాదులు వరసగా ఉన్నాయి. నాగవేణి ఎడమ సగంతో మొదలుపెట్టింది. కషాయం లేని గుంటల్లో ద్రవం తీసి, ఉప్పునీళ్లు పోసి, తీసి, మళ్లీ పోసి తీసింది. రెండుసార్లు. మా పద్ధతిలో ఉన్నదీ అదే. కషాయం కొంచెమున్న గుంటల దగ్గరికొచ్చింది. రెండుసార్లు కడిగాక కూడా ఆగలేదు. మూడోసారి, నాలుగోసారి. ముదురు గుంటల దగ్గర ఇక నేను లెక్కపెట్టడం మానేశాను. శ్రద్ధగా, ముద్దుగా, చంటిబిడ్డకు నీళ్లు పోస్తున్నట్టు కడుగుతూనే ఉంది.

"ఎందుకు పాపా అన్నిసార్లు?"

"ఇంగా రంగు పోతాండాది గదా మేడం," అంది తలెత్తకుండా. "నీళ్లు తేటపడాల. మా నాయన పట్టు నూలు అట్లనే జాడిస్తాడు. తేటనీళ్లు వచ్చేదాకా తొట్టి దగ్గర నుంచి లెయ్యనియ్యడు. రంగు రోంత నిలిచినా రేపు చీరలో అంచుకు కారతాది, మాట పోతాది అంటాడు."

నాకు అర్థమైపోయింది. కొవ్వు నిండిన కణం మామూలు కణంలా అడుగును గట్టిగా పట్టుకోదు. నూనె కదా, పైకి తేలాలని చూస్తుంది. ఫార్మలిన్ పోయకముందు ఎన్నిసార్లు కడిగితే అన్ని కణాలు ఊడిపోతాయి. కషాయం ముదిరిన కొద్దీ కడుగుడు ఎక్కువ, కడుగుడు ఎక్కువైన కొద్దీ కణాలు తక్కువ. ఆ అందమైన మెట్లన్నీ తంగేడు కట్టినవి కావు, ఈ పిల్ల శ్రద్ధ కట్టినవి. బద్ధకస్తురాలైతే ఈ తప్పు జరిగేదే కాదు.

"ఆ కడిగిన నీళ్లు పారబొయ్యొద్దు. ఇటివ్వు," అన్నాను.

ఆ నీళ్లు ఒక చిన్న గిన్నెలో పోసి మైక్రోస్కోపు కింద పెట్టి తనను చూడమన్నాను. చాలాసేపు చూసింది. నీళ్లలో గుండ్రటి కొవ్వు కణాలు గుంపులు గుంపులుగా తేలుతున్నాయి.

"ఇవన్నీ నేను కడిగేసినవేనా మేడం?"

"నువ్వు కడిగేసినవే."

ఏడ్చేసింది. నేను నవ్వేశాను. అప్పుడు నవ్వకూడదని తెలుసు, ఆగలేదు. భయం తీరిన నవ్వు అది. సోమవారం తర్వాత తెలిసి ఉంటే అప్పటికే అబద్ధం అమ్మేసి ఉండేవాళ్లం. "లే పాపా, కుడి సగం ఇంకా కడగలేదు కదా. అన్ని గుంటలూ సమానంగా రెండేసిసార్లు కడుగు, రంగు మిగిలితే మిగలనీ," అన్నాను. ముక్కు చీదుకుంటూనే కడిగింది. చేయి మాత్రం వణకలేదు.

సాయంత్రానికి రంగు పట్టింది. ఎడమ సగంలో అవే మెట్లు, ఎరుపు నుంచి తెలుపుకు దిగుతున్నాయి. కుడి సగంలో పై నుంచి కిందిదాకా ఒకటే ఎరుపు. తంగేడు కొవ్వు కణాన్ని ఆపలేదు. అసలు ముట్టుకోనే లేదు.

సోమవారం

శనివారం సార్ ముందు ప్లేట్ పెట్టాం. అనుకున్నట్టే మొదట అరిచారు.

"దుడ్లు పెట్టేది నేను, కడిగేసేది మీరు!" తర్వాత కూర్చుని ఆలోచించారు. ఆలోచించి ఇంకా పెద్ద పొరపాటు మాట అన్నారు. "ముందు చేసిన రెండు ఉండాయి గదా. సోమవారం అవి చూపిద్దాం. ఈ మూడోది నిదానంగా చూసుకుందాం."

నేను నోరు తెరిచేలోపే నాగవేణి మాట్లాడింది. "ఆ గ్రాఫు నేను చూపీను సార్. మీరు చూపిస్తే మీ ఇష్టం. నేను మాత్రం ఈ ప్లేటు బల్ల మీద పెడతా."

"అట్లయితే ల్యాబ్ మూసేస్తే నన్ను అడగొద్దు," అని సార్ లేచి వెళ్లిపోయారు.

ఆదివారం నాకు సరిగా నిద్ర పట్టలేదు, అన్నం కూడా సహించలేదు. రామలక్ష్మి చూసి "ఏమక్కా, పొడి మింగినావా ఏంది?" అంది. సోమవారం పొద్దున ధర్మవరం నుంచి రైలు దిగి నాగవేణి నేరుగా ల్యాబ్‌కు వచ్చింది. మొహం తేలిగ్గా ఉంది.

"మా నాయనకు చెప్పినా మేడం. పడీపడీ నవ్వినాడు. 'నేను నేర్పింది పట్టుకు మే, పొట్టకు కాదు' అన్నాడు."

బెంగళూరు వాళ్లు ముగ్గురు వచ్చారు. వాళ్లలో పెద్ద ఒక మేడం. తెలుగు బాగానే వచ్చు. గోడ మీది గ్రాఫ్ చూడగానే ముచ్చటపడ్డారు. సార్ నా వైపు చూశారు, నాగవేణి వైపు చూశారు. "దాని గురించి ఈ పాప చెబుతుంది," అన్నారు. ఆ ఒక్క మాటకు ఆయన అరిచిన అరుపులన్నీ మాఫ్ చేశాను.

నాగవేణి ప్లేట్ తెచ్చి తెల్ల కాగితం మీద పెట్టింది. ఎడమ సగం ఎందుకు అలా ఉందో, కుడి సగం ఎందుకు ఇలా ఉందో, పట్టు నూలు జాడించడంతో సహా దాచకుండా చెప్పింది. తంగేడు చెక్క పనిచేయలేదని తేల్చి చెప్పింది.

"మీరు చెప్పకపోతే ఇది మాకు తెలిసేదా?" అని బెంగళూరు మేడం అడిగారు.

"తెలిసేది కాదు మేడం. ఎంత చక్కగా కడిగితే గ్రాఫ్ అంత చక్కగా వస్తుంది."

ఆవిడ ప్లేట్‌ను దగ్గరికి లాక్కుని రెండు సగాలూ పోల్చి చూశారు. తర్వాత అన్నారు. "మేం ఇంకోచోట ఒక పొడి చూసి వచ్చాం. కొనడానికి దాదాపు ఒప్పుకున్నాం. దాని గ్రాఫ్ కూడా ఇలాగే మెట్లు మెట్లుగా ఉంది."

"ఆ పొడి ఏం రంగు మేడం?" అంది నాగవేణి.

ఆవిడ చెప్పబోతూనే నవ్వేశారు. "కషాయం రంగే." ఆ నవ్వుకు గదంతా నవ్వింది. ప్రభాకర్ సార్ బల్ల చరిచి మరీ నవ్వారు.

"అది మీ దగ్గర చేసి చెబుతారా?" అని ఆవిడ అడిగారు. "అదొక్కటే కాదు, ఇక మేం కొనబోయేవన్నీ. మెట్లు కట్టింది పొడో, చేతులో మాకు తెలియాలి."

"చేస్తాం, చేస్తాం," అంటున్నారు సార్, ల్యాబ్ మూసే మాటే మరిచిపోయి, అప్పటికే లేచి నిలబడి.

"ఒక మాట సార్," అంది నాగవేణి. సార్ ఆగారు. తను బెంగళూరు మేడం వైపు తిరిగింది. "చేస్తాం మేడం. కానీ సీసాల మీద పేర్లు రాయొద్దు. ఉట్టి అంకెలేసి పంపండి. కొన్నింట్లో మీ పొడి, కొన్నింట్లో అదే రంగు నీళ్లు పెట్టండి. ఏది ఏదో చివరిదాకా మాకు తెలీకూడదు. నా చేతుల్ని నేను నమ్మను."

సార్ నా వైపు చూశారు, ఇదంతా నేనే నేర్పి పంపానన్నట్టు. నేను నేర్పలేదు. సమానంగా కడగమన్నానే గానీ, ఈ మాట నా నోటి నుంచి ఎప్పుడూ రాలేదు. నా రిటైర్మెంట్‌కు ఇంకా కొన్ని వారాలు ఉంది. కానీ ఆ గదిలో నాకిక పని లేదని అప్పుడే అర్థమైంది, ఎగిరి గంతేయాలనిపించేంత సంతోషంగా.